ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లకి చెప్పేవాళ్లేరీ?

సంపాదకుడి గారికి,

దసరా సెలవులకి వరంగల్ నుంచి మా ఆడపడుచు వాళ్లు నలుగురూ వైజాగ్ వచ్చారు. ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన కాగితంలో సోమవారం మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ అని రాసుంది. ఆ సబ్‌మెరైన్ మ్యూజియానికి, అదే కురుసురకి, సోమవారం సెలవు. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్న నాకూ ఆ సంగతి గుర్తు రాలేదు, అది నా తప్పే అనుకోండి. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి ఒడ్డెక్కిన ఆ జలాంతర్గామిలో ఒంగి దాటాల్సిన గుండ్రటి తలుపులూ, మనిషి పక్కకి తిరగడానికి కూడా చోటు లేని పడకలూ చూద్దామని పిల్లలు రైల్లో రాత్రంతా మాట్లాడుకుంటూ వచ్చారట. మూసిన గేటు ముందు సెల్ఫీలు దిగి, తలో పొట్లం మురీ మిక్స్చర్ తిని ఇంటికొచ్చేశాం. సెలవు రోజు ఏదో చెబుతూ రైల్వే స్టేషన్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఒక బోర్డు పెడితే ఎంత ఖర్చవుతుందండీ?

మర్నాడు ఆ కాగితం పక్కన పడేసి నేనే తిప్పాను. తెల్లారకుండా ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్తే మా ఆడపడుచు మొదట ముక్కు మూసుకుంది. కాసేపటికి వేలం పాట దగ్గర నిలబడి, కోనాం చేప ధర ఎంత దాకా పోతుందో తనే పందెం కట్టడం మొదలెట్టింది. తర్వాత భీమిలి రోడ్డు పట్టుకుని తొట్లకొండ ఎక్కాం. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం, కొండరాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద సముద్రం. అక్కడ మేం తప్ప ఇంకో కుటుంబం లేదు.

అసలు నేనీ ఉత్తరం రాస్తున్నది భీమిలి దగ్గర సముద్రం ఒడ్డునున్న ఎర్రమట్టి దిబ్బల గురించి. సిటీ బస్సులో వెళ్లి, ఎక్కడ దిగాలో తెలియక ఒక స్టాప్ దాటిపోయి, ఎండలో వెనక్కి నడిచాం. తీరా వెళ్తే అక్కడ చెప్పేవాళ్లు లేరు. “అత్తమ్మా, ఇదెట్ల ఎర్రగైంది?” అని చిన్నోడు అడిగితే, నాకు తెలిసినంతలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి మోసుకొచ్చిన ఇసుక వేల ఏళ్లు పేరుకుని, అందులో ఉన్న ఇనుము తుప్పు పట్టి ఎర్రబడిందనీ, వాన నీళ్లు కోసుకుంటూ పోయి ఈ లోయలు పడ్డాయనీ చెప్పాను. వాడు నమ్మకం లేనట్టు చూసి గోడని గోటితో గీకాడు. దూరానికి రాయిలా కనిపించేది కుంకుమలా జారి వాడి అరచేతిలో పడింది. అంత మెత్తన అది. అలాంటి గోడల మీద బండి తాళంచెవులతో పేర్లు చెక్కారు, పక్కన లవ్ సింబల్స్. ఇంకోవైపు ప్రీవెడ్డింగ్ షూట్ వాళ్లు రంగుల పొగ వదులుతుంటే, కాలేజీ కుర్రాళ్లు అంచు మీద కూర్చుని జారుబండ ఆడుతున్నారు. జారిన ప్రతిసారీ కొంచెం అంచు కిందకి రాలుతోంది. వాళ్లని తిట్టి లాభం లేదు, జారకూడదని వాళ్లకి ఎవరైనా చెబితే కదా!

ఇది జాతీయ భూవారసత్వ స్థలం, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. ఆ వార్త మీ పేపర్లాంటివాటిలో చదివి ఊళ్లో అందరం వాట్సాప్‌లో తెగ పంపుకున్నాం, నేనూ పంపాను.

పెద్ద పెద్ద భవనాలేం అడగడం లేదు, ఆ ఇసుక మీద కాంక్రీట్ అసలే వద్దు. నడవడానికి ఒక దారి గుర్తు పెట్టి, అంచుల దగ్గరికి వెళ్లకుండా తాడు కట్టండి. ఈ దిబ్బలు ఎలా పుట్టాయో తెలుగులో ఒక బోర్డు రాయించండి. పక్క ఊళ్ల పిల్లలకి నాలుగు రోజులు నేర్పించి గైడ్లుగా పెడితే వాళ్లకీ నాలుగు డబ్బులొస్తాయి. రోడ్డు మీద బస్సు దిగే చోట పేరు కనపడాలి, ఆడవాళ్లకి ఒక బాత్రూమ్ ఉండాలి (మా ఆడపడుచు భీమిలి దాకా ఎలా ఓర్చుకుందో మీకు చెప్పలేను). అలాగే యారాడలో, ఆర్కే బీచ్‌లో అలలు లోపలికి లాగే చోట్ల ఎర్రజెండా ఒకటే చాలదు. బయటి ఊరివాళ్లకి ఆ జెండా అంటే ఏమిటో తెలియదు, మా ఆడపడుచు భర్త దాన్ని పార్టీ జెండా అనుకున్నారు.

సంక్రాంతికి మళ్లీ వస్తామన్నారు. అప్పటికి బాత్రూమ్ కాకపోయినా, కనీసం ఆ బస్‌స్టాప్ దగ్గర ఒక బోర్డు పెట్టించమని సంబంధిత అధికారులకి మీ పేపర్ ద్వారా మనవి.

– ఒక పాఠకురాలు, సాగర్‌నగర్, విశాఖపట్నం