చర్చి కప్పు మీది వాన

సంపాదకులకు,

కనిగిరి వైపు తాగునీటిలో ఫ్లోరైడు కష్టం కొత్తది కాదు. కాచినా, క్లోరిన్ వేసినా అది పోదు. కాచితే నీరు ఇగిరి గాఢత ఇంకా పెరుగుతుంది. అక్కడి క్రైస్తవ సంఘాలు చర్చి కప్పు మీది వాననీటిని తొట్టిలో పట్టాలి. 100 చదరపు మీటర్ల స్లాబు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే, వృథా పోను సుమారు 800 లీటర్లు వస్తాయి. మొదటి 200 లీటర్లలో దుమ్ము, పిట్టల రెట్ట ఉంటాయి కాబట్టి వాటిని బయటికి వదిలే గొట్టం విడిగా పెట్టాలి. పని చెడేది ఇక్కడే. ఆ గొట్టం వాల్వు తిప్పే బాధ్యత ఎవరిదో తేల్చరు, మురికంతా తొట్టిలోకి పోతుంది. మూత సందులకు సన్నని వల బిగించకపోతే దోమలు పెరుగుతాయి. ఆస్‌బెస్టాస్ రేకుల మీది నీరు తాగడానికి వద్దు.

కుళాయి మాత్రం ప్రహరీ బయట, అందరికీ అందేలా ఉండాలి. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని కరవు బాధితులకు కూలి పని చూపించారు; సాయం కోసం మతంలోకి రాకూడదని కరవు ఉండగా బాప్తిస్మాలు ఆపేశారు. ఈ రెండో సంగతి మన ప్రసంగాల్లో ఎందుకో వినపడదు! కొత్త శిఖరానికి చందాలు ఎత్తే సంఘాలు ముందు తొట్టి కట్టించి, వాడకానికి ముందు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి.

– ఒక సంఘ సభ్యుడు, ఒంగోలు