జనవరి కోసం ఎదురుచూస్తున్నాం

సంపాదకులకు నమస్కారం.

మేం అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉంటాం, సొంతూరు తెనాలి. 2026 జనవరిలో అమెరికా జాతీయ ఫిగర్ స్కేటింగ్ (మంచు మీద జారుతూ చేసే విన్యాసాలు) పోటీలు మేముండే ఈ ఊళ్లోనే, ఎంటర్‌ప్రైజ్ సెంటర్ స్టేడియంలో జరుగుతాయి. టికెట్లు కొన్నప్పటి నుంచీ మా అమ్మాయికీ నాకూ వేరే మాట లేదు. ఫిబ్రవరిలో మిలాన్ ఒలింపిక్స్‌కు వెళ్లే జట్టును ఈ పోటీల తర్వాతే ప్రకటిస్తారు. మహిళలకు ఉన్నవి మూడే స్థానాలు. అదే టెన్షన్.

అమ్మాయికి అమెరికా స్కేటర్ ఇలియా మాలినిన్ అంటే ప్రాణం. స్కేటింగ్ జంప్‌లలో ఆక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ ఎగరాల్సిన జంప్, అందుకే గాల్లో అరచుట్టు ఎక్కువ. పోటీలో ఈ జంప్‌లో నాలుగున్నర చుట్లు తిరిగి నిలబడిన మొదటి మనిషి ఇతనే, 2022లో. నాకు మాత్రం అలీసా లియూ. పదమూడేళ్లకే జాతీయ చాంపియన్, పదహారేళ్లకే ఆట వదిలేసింది. తిరిగొచ్చి 2025లో బోస్టన్‌లో ప్రపంచ టైటిల్ గెలిచింది! అయితే వరుసగా రెండేళ్లు జాతీయ విజేత అయిన ఆంబర్ గ్లెన్‌ను దాటడం తేలిక కాదు.

2025 జనవరిలో ఇవే పోటీల తర్వాత విచిటా నగరంలో స్కేటింగ్ శిబిరం ముగించుకుని వెళ్తూ విమాన ప్రమాదంలో ఎంతోమంది పిల్లలు, తల్లిదండ్రులు, కోచ్‌లు చనిపోయారు. హాల్లో అడుగుపెట్టగానే నాకు ముందు వాళ్లే గుర్తొస్తారు.

మీ క్రీడల పేజీలో ఈ ఫలితాలకు కాస్త చోటివ్వండి. తెనాలిలో మా నాన్నగారు మనవరాలి ఫోన్ తర్వాత పేపర్లో కూడా చదువుకుంటారు.

– ఒక పాఠకురాలు, సెయింట్ లూయిస్