వార్షిక నివేదిక 2025: బూట్లు విప్పిన తరువాత

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

న్యూజీలాండ్‌లో ఆక్లండ్‌లోని మన తెలుగు సంఘం ఈ ఏడాది చేసిన పనులను కార్యదర్శిగా మీ ముందుంచుతున్నాను. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపుతున్నారు. విశ్వావసు ఉగాది మార్చి 30న వచ్చింది. మనకిక్కడ అది ఆకులు రాలే కాలం, దొరికింది ఎండు వేపపువ్వే. అయినా పచ్చడిలో ఆరు రుచులకూ లోటు రాలేదు. బతుకమ్మను కామెల్లియాలతో, డాఫొడిల్స్‌తో పేర్చిన ఆడపడుచులకు, ఆదివారం తెలుగు బడిని ఓపికగా నడిపిన ఉపాధ్యాయులకు కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు.

ఈసారి నివేదికలో ఎక్కువ చోటు రగ్బీకి ఇస్తున్నాను. చలికాలంలో తల్లిదండ్రుల కోసం ఏర్పాటు చేసిన రగ్బీ సమావేశానికి పండుగలకు వచ్చినంతమంది రాలేదు. కానీ వచ్చినవాళ్ళు హాలు మూసే వేళ దాటినా కుర్చీల్లోంచి కదల్లేదు. పిల్లవాడో పిల్లో బడి నుంచి వచ్చి "రగ్బీలో పేరు ఇస్తాను" అంటే ఏం చెప్పాలన్నది మన ఇళ్ళలో చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న. కాలేజీ రోజుల్లో ఆ ఆట ఆడినవాణ్ణి కాబట్టి ముందు నన్నే మాట్లాడమన్నారు. ఆ రోజు చెప్పినవీ, సమయం చాలక చెప్పలేకపోయినవీ ఇక్కడ రాస్తున్నాను.

మేం గుంటూరు నుంచి వచ్చేనాటికి నాది హైస్కూలు వయసు. ఇక్కడ ఆ వయసు పిల్లల బడులు చాలావాటిని కాలేజీలనే అంటారు. ఈ దేశంలో తొలి రగ్బీ మ్యాచ్ 1870 మే 14న నెల్సన్ పట్టణంలో జరిగింది. ఆ రోజు ఆడిన రెండు జట్లలో ఒకటి నెల్సన్ కాలేజీ. అంటే ఇక్కడ ఈ ఆట మొదటి రోజు నుంచీ బడిపిల్లలదే. కాలేజీ ఫస్ట్ ఫిఫ్టీన్, అంటే పదిహేనుమందితో ఆడే మొదటి జట్టు, శనివారం ఆడుతుంటే వానలో గొడుగులు పట్టుకుని తాతలూ మనవలూ కలిసి వచ్చేవారు.

నాకు ఆ కోలబంతి పట్టుకోవడం కూడా తెలియదు. తెలిసిందల్లా చెడుగుడు. కూతకొచ్చినవాడి తొడ వాటేసుకుని నేలకు దించడం మా వీధిలో నేర్చుకున్న విద్య. అది చూసి కోచ్ నాకు ఏడో నంబరు జెర్సీ ఇచ్చారు. ఓపెన్‌సైడ్ ఫ్లాంకర్ అన్నమాట. స్క్రమ్ నుంచి, అంటే రెండు జట్లవాళ్ళూ భుజాలు కలిపి తోసుకునే గుంపు నుంచి, అందరికంటే ముందు విడివడి, బంతి ఉన్నచోటికి ఉరికి, పట్టుకున్నవాణ్ణి పడగొట్టి, వెంటనే లేచి బంతి కోసం వంగాలి. ఎవరూ చప్పట్లు కొట్టని పని అది. బంతిని ఎదుటి జట్టు గీత అవతల నేలకు ఆనించి 'ట్రై' సాధించిన వింగర్ (మైదానం అంచున ఆడేవాడు) పేరే అందరూ అరుస్తారు. కానీ ఆ బంతి ఎవరు లాగి ఇచ్చారో జట్టులో ప్రతివాడికీ తెలుసు. పదిహేనేళ్ళ వయసులో, భాష సరిగ్గా రాని చోట, ఆ ఎరుక నన్ను నిలబెట్టింది.

స్క్రమ్‌లో అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది. మా ముందు వరుసలో సమోవా, టోంగా కుటుంబాల పిల్లలు, నా పక్కన ఈ దేశపు మూలవాసులైన మావోరీల మిత్రుడొకడు. వాళ్ళ భుజాల వేడి, బురద వాసన, చెవులు ఒరుసుకుని మండడం ఇప్పటికీ గుర్తున్నాయి. మా కాలేజీకి సొంత హాకా, అంటే అడుగులు వేస్తూ గొంతెత్తి పలికే మావోరీ నృత్యం, ఉండేది. దాని అర్థం చెప్పాకే అడుగులు నేర్పారు. మ్యాచ్ అయ్యాక, అంతసేపు పడదోసుకున్నవాళ్ళమే ఒకే గదిలో కూర్చుని, మావోరీలో ప్రార్థన చెప్పుకుని కలిసి తినేవాళ్ళం. అమ్మ పులిహోర పంపేది. ఎదుటి జట్టు ప్రాప్ (స్క్రమ్ ముందు వరుస ఆటగాడు) ఒకడు మరుసటి ఏడాది నన్ను చూడగానే ముందు పులిహోర గురించే అడిగాడు.

మన సంఘంలో ఫిజీ నుంచి వచ్చిన కుటుంబాలున్నాయని కొత్త సభ్యులకు తెలియకపోవచ్చు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా చెరకు తోటలకు వెళ్ళినవారిలో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళ మునిమనవలకు రగ్బీ మనకు క్రికెట్ ఎంతో అంత. రియోలో 2016లో ఫిజీ తన తొలి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది ఈ ఆటలోనే, ఏడుగురు ఆడే సెవెన్స్ పోటీలో. ఆ తరువాతి టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో ఫిజీ ఓడించింది మన న్యూజీలాండ్‌నే, 27-12తో. సమావేశంలో ఒక ఫిజీ తాతగారు ఆ మ్యాచ్ కథ చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఆయన తెలుగు యాస వేరు, ఆనందం మాత్రం అందరికీ అర్థమైంది.

ఇక ఆట ముగిసిన తరువాతి సంగతి. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మోకాలి చిప్ప అరిగి, భుజం రెండోసారి జారాక, డాక్టరు ఇక చాలన్నారు. నొప్పి కంటే శనివారాలు ఎక్కువ బాధించాయి. పొద్దున్నే మెలకువ వస్తుంది, వెళ్ళాల్సిన చోటు ఉండదు. తిండి పాత లెక్కనే సాగుతుంది, ఒళ్ళు పెరుగుతుంది. నాతో ఆడినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు చాలాకాలం ఫోన్లు ఎత్తలేదు. చదువులో వెనకబడి, ఆటే జీవితమనుకున్నవాళ్ళకు అది మరీ కష్టం. అలాంటి రోజుల్లోనే ఉగాది సభకు వేదిక బల్లలు మోయడానికి మనుషులు కావాలని ఈ సంఘం నుంచి ఎవరో పిలిచారు. మళ్ళీ నలుగురితో కలిసి ఒక బరువు ఎత్తాను. ఆ తరువాత రిఫరీ శిక్షణ తీసుకున్నాను. ఇప్పుడు చిన్నపిల్లలకు రిప్పా రగ్బీ నేర్పుతున్నాను. అందులో ట్యాకిల్, అంటే మనిషిని పట్టి పడగొట్టడం, ఉండదు, నడుముకు తగిలించిన పట్టీ లాగితే చాలు. భయపడే తల్లిదండ్రులు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

భయానికి కారణం లేదని నేను అనను. మా రోజుల్లో తల తిరుగుతోందంటే మొహం మీద నీళ్ళు చల్లి మళ్ళీ ఆడించేవారు. న్యూజీలాండ్ పురుషుల జట్టు ఆల్ బ్లాక్స్‌కు 45 టెస్టులు ఆడిన ప్రాప్ కార్ల్ హేమన్ తనకు చిన్న వయసులోనే మతిమరుపు వ్యాధి వచ్చిందని 2021లో బయటపెట్టారు. అప్పటికి ఆయన వయసు 41. ఆ వార్త చదివిన రోజు పాత మిత్రులందరం ఒకరికొకరు ఫోన్ చేసుకున్నాం. నేడు తలకు దెబ్బ తగిలిందని అనుమానమొస్తే రిఫరీ నీలం కార్డు చూపిస్తాడు, ఆటగాడు బయటికి వెళ్ళాల్సిందే. మళ్ళీ పోటీలో ఆడాలంటే కనీసం 21 రోజులు ఆగాలి, డాక్టరు అనుమతి ఉండాలి. ఈ నియమాన్ని పిల్లలు బరువుగా భావిస్తారు, దాచాలని చూస్తారు. తల్లిదండ్రులు ఫైనల్ మ్యాచ్ ఉన్నా సరే దాచనివ్వకండి. గాయమైతే చికిత్స ఖర్చులో ఏసీసీ (ప్రమాద గాయాలకు పరిహారమిచ్చే ప్రభుత్వ సంస్థ) సాయం ఉంటుంది. 1974 నుంచి నడుస్తున్న ఏర్పాటు ఇది. తప్పెవరిదని అడగరు. కొత్తగా వచ్చిన కుటుంబాల్లో చాలామందికి ఈ విషయం ఆ రోజే తెలిసింది.

ఆడపిల్లల ప్రస్తావన రాకుండా సమావేశం ముగియలేదు. 2022 నవంబరులో ఈడెన్ పార్క్‌లో న్యూజీలాండ్ మహిళల జట్టు బ్లాక్ ఫెర్న్స్ ఇంగ్లండ్‌ను 34-31తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచినప్పుడు స్టేడియంలో ఉన్న మన పాప ఒకతె ఇప్పుడు తన కాలేజీ జట్టులో హుకర్, అంటే స్క్రమ్ ముందు వరుసలో మధ్యన నిలిచే ఆటగత్తె. అటు 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ పేరుతో ఒక జట్టు ఆడింది. ఊళ్ళోని తాతయ్యలకూ ఈ ఆట పేరు వినబడింది కాబట్టి ఇకపై వాళ్ళకు వివరించడం మన పిల్లలకు తేలిక.

వచ్చే ఏడాదికి కార్యవర్గం తీర్మానించినవి ఇవి. సీజను మొదలయ్యేలోపు తల్లిదండ్రులకు మళ్ళీ ఒక సమావేశం, ఈసారి ఫిజియోథెరపిస్టు సమక్షంలో. ఆట మానేసిన యువకులు నెలకోసారి కలిసి నడిచే ఏర్పాటు, దాని బాధ్యత నాది. పిల్లల కాళ్ళు ఏటా పెరుగుతాయి కనుక పాత బూట్ల మార్పిడికి తెలుగు బడి హాలులో ఒక పెట్టె ఉంచుతున్నాం. బురద కడిగి, లేసులు ముడివేసి, సైజు రాసిన చీటీ కట్టి తెండి. మౌత్‌గార్డులు మాత్రం ఎవరికి వారు కొత్తవే కొనుక్కోవాలి.

ఇట్లు,
కార్యదర్శి