14 రోజులు ఎలుక చావకపోతే మందు సేఫేనా?

ఎడిటర్ గారికి,

మొన్న మీ జిల్లా పేజీలో నేలఉసిరి క్యాప్సూల్ వార్త చూశానండి, "ఎలుకల మీద టెస్ట్ చేశారు, సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అని పెద్ద హెడ్డింగ్. ఎన్నాళ్ళు చేశారు, డోసెంత, ఆకుని నీళ్ళలో మరిగించారా ఆల్కహాల్లో తీశారా, ఒక్క ముక్క లేదు. ఫార్మసీ కాలేజీ ల్యాబ్‌లో పనిచేసినోణ్ణి కాబట్టి అడుగుతున్నా.

మన కోనసీమలో కామెర్లు అనగానే కాలవగట్టు మీద నేలఉసిరి పీకి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున ఇచ్చేస్తారు, దాన్ని నేనేం తప్పుపట్టట్లేదు. కానీ ఆ గుప్పెడాకు వేరు, కిలోలకొద్దీ ఆకు నానబెట్టి సారం తీసి డబ్బాకెత్తింది వేరు కదండీ, తాతలనాటి మందన్న మాట దీనికెలా అతుకుద్ది?

మామూలుగా ముందు చేసేది అక్యూట్ టెస్ట్. ఎలుకని పస్తుంచి, కొనలో గుండ్రటి బొడిపె ఉండే వంకర సూదితో కిలో బరువుకి 2000 మిల్లీగ్రాముల దాకా ఒక్కసారి పొట్టలోకి పోసి 14 రోజులు చూస్తారు, బొచ్చు నిక్కబొడుచుకుందా, మూలన ముడుచుకుని కూర్చుందా, బరువు తగ్గిందా అని. ఇది తేల్చేది ఒక్క డోసు సంగతే. రోజూ మింగితే ఏమవుద్దో తెలియాలంటే 28 రోజులో 90 రోజులో మేపి, రక్తంలో ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే పెరిగేది), క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే పెరిగేది) చూసి, లివరూ కిడ్నీ పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాలి. అదంతా ఖర్చు, టైము. పైగా మామూలు సేఫ్టీ టెస్టుల్లో ఎలుక ఆరోగ్యంగా ఉంటది, ఈ క్యాప్సూల్ కొనేదేమో లివర్ పాడైనోడు, పక్కన షుగరు బిళ్ళ కూడా వేసుకుంటూ.

1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మాత్రల్లో ఒక చైనా మూలిక బదులు అరిస్టలోకియా అనే వేరే మొక్క కలిసిపోయి ఎంతోమంది ఆడవాళ్ళకి కిడ్నీలు పోయాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో కేన్సర్ కూడా వచ్చింది. నెలల తరబడి వాడాక బయటపడ్డ సంగతది. పాముకాటుకి మనోళ్ళు వేరు అరగదీసిచ్చే ఈశ్వరి కూడా ఆ జాతి మొక్కేనండి.

మీ విలేకరిని ఆ రిపోర్ట్ ఒకసారి అడిగి చూడమనండి, 90 రోజుల టెస్ట్ జరిగితే ఆ వివరాలు వేయండి, జరక్కపోతే జరగలేదనే, అదే పేజీలో, అదే సైజు హెడ్డింగ్‌తో వేయండి.

ఇట్లు
ఒక పాఠకుడు, అమలాపురం