నీ మూడు ట్రాక్టర్లకు మంచు పడేలోపు

హైదరాబాద్,
2025 అక్టోబరు 12.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అయిన పెద్దమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. దీపావళి దగ్గర పడుతున్నదని అమ్మ ప్రమిదలు కడిగి ఎండబెట్టింది. నువ్వు పంపిన ఫొటోలను నిన్న రాత్రి పెద్దవి చేసి ఒక్కొక్కటిగా చూశాను. 1961లో వచ్చిన తొలి రకం కబ్ క్యాడెట్, 1963 నాటి జాన్ డీర్ 110, రంగు వెలిసిన ఆ ఎర్ర వీల్ హార్స్, మూడూ పెరటి పనుల కోసం చేసిన చిన్న ట్రాక్టర్లే అయినా, బాలానగర్ షెడ్డుల్లో 30 ఏళ్లు ఇంజిన్లు విప్పి బిగించిన నాకు వాటి పోత ఇనుమును చూస్తేనే చేతులు ఊరుకోలేదు. ఇన్నేళ్లూ ఎవరో కొట్టంలో కాపాడిన ఆ బండ్లు ఈ ఏడాది అమెరికాలోని మీ బఫెలో ఊరి చలికాలాన్ని ఇనుప గొట్టాల మీద పరిచిన గుడ్డ కప్పు కింద గడపబోతున్నాయని తెలిసి మనసు కుదుటపడలేదు. దగ్గర పెట్టుకుని పని చేసుకోవడానికి వీలుగా ఉంటుందని ఫోనులో చెప్పకుండా ఉత్తరమే రాస్తున్నాను.

మనకు మంచు అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు మీద పడే చల్లటి తడి మాత్రమే, దానికి బరువు ఉంటుందన్న ఊహ కూడా మనకు రాదు. మీ దగ్గర పడేది వేరు. కొత్తగా రాలిన పొడి మంచు ఘనపు మీటరుకు 100 కిలోలకు మించకపోవచ్చు, కానీ అది అణిగి తడిసేసరికి 300 కిలోల దాకా తూగుతుంది. నీ కప్పు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు అన్నావు, అంటే 18 చదరపు మీటర్లకు పైనే. దాని మీద ఒక అడుగు పొడి మంచు నిలిచితే అర టన్ను దాటుతుంది, అదే అడుగు తడి మంచయితే టన్నున్నరకు మించిపోతుంది. నీ మూడు ట్రాక్టర్లను కలిపి తూచినా అంత బరువు రాదు. పైగా మీ పక్కనే ఈరీ సరస్సు ఉన్నది. చలిగాలి ఇంకా గడ్డకట్టని ఆ నీటి మీదుగా వస్తూ తేమను ఎత్తుకుని ఒడ్డున దింపేస్తుంది కనుక, సరస్సు గడ్డకట్టక ముందు, అంటే నవంబరు, డిసెంబరుల్లోనే అసలు ముప్పు. 2022 నవంబరులో మీ దగ్గరి ఆర్చర్డ్ పార్క్‌లో కొద్ది రోజుల్లోనే 6 అడుగులకు మించి పడిన సంగతి నీకు తెలుసు. కాబట్టి మనకున్నది ఈ నెల మాత్రమే.

తాతయ్య వ్యవసాయ బావి మీద నడిపిన ఆయిల్ ఇంజిన్ నీకు గుర్తుండే ఉంటుంది. దానిని ఊరి నుంచి తెచ్చి పెరట్లో నాలుగు గొట్టాలు పాతి, పైన టార్పాలిన్ కట్టి ఉంచాను. తాళ్లు బిగుతుగానే కట్టాను కానీ కప్పుకు వాటం సరిగా పెట్టలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు టార్పాలిన్ మధ్యలో అరచేతి వెడల్పున మొదలైన గుంట తెల్లవారేసరికి తొట్టెలా సాగింది. గుంట పెరిగినకొద్దీ నీళ్లు అటే జారాయి, నీళ్లు చేరినకొద్దీ గుంట మరింత దిగింది. చివరకు గొట్టం మోకాలిలా మడతపడి ఎయిర్ క్లీనర్ మీద పడింది. ఆ తప్పు నాది. వాన నీరు అయితే కనీసం అంచు నుంచి పొర్లి పోతుంది, మంచు అలా పోదు, పడినదంతా అక్కడే కూర్చుంటుంది. దాని మీద వాన పడితే ఆ నీటిని కూడా స్పంజిలా పీల్చుకుంటుంది.

అందుచేత మొదట కప్పు సంగతి చూడు. గుడ్డ ఎక్కడా వదులుగా వేలాడకూడదు, అరచేత్తో తడితే డోలులా పలకాలి. నడి దూలం కింద ప్రతి 5, 6 అడుగులకు ఒక చెక్క స్తంభం చొప్పున నిలబెట్టి, అది నేలలోకి దిగకుండా అడుగున వెడల్పాటి పలక వెయ్యి. చలికాలం గడిచాక వాటిని తీసేసుకోవచ్చు. ఇంటి చూరు కిందికి ఈ కప్పును జరపవద్దు, ఎందుకంటే ఇంటి కప్పు మీది మంచు ఒక్కసారిగా జారిపడితే ఏ గొట్టమూ ఆగదు. మంచు పడుతున్నంతసేపూ నాలుగు అంగుళాలు చేరినప్పుడల్లా, పొడుగు కర్ర ఉన్న మంచు పారతో అటు కొంత, ఇటు కొంత లాగుతూ ఉండు. ఒక పక్క పూర్తిగా ఖాళీ చేసి రెండో పక్కకు వెళితే కప్పు బరువున్న వైపుకు ఒరిగిపోతుంది. బరువు మీద ఉన్న కప్పు కిందికి మాత్రం, ట్రాక్టరు కోసమైనా సరే, వెళ్లవద్దు తల్లీ. ఈ మాట అల్లుడికి కూడా చెప్పు.

తరువాతిది తడి. గొట్టం విరిగిన మరునాడు నేను ఆ ఇంజిన్‌కే టార్పాలిన్ చుట్టి తాడుతో బిగించి నెల రోజులు విప్పలేదు. విప్పిన రోజున గుడ్డ లోపలి వైపు నీటి బిందువులు వరసగా నిలిచి ఉన్నాయి, ఫ్లైవీలు అంచంతా ఇటుక రంగు తుప్పు పట్టింది. పడిన గొట్టం చేసిన నష్టం కంటే ఇదే ఎక్కువ. కనుక ట్రాక్టరు ఒంటికి ప్లాస్టిక్ పట్టా చుట్టవద్దు. కప్పు కింద గాలి ఆడనివ్వు, దుమ్ము పడుతుందనుకుంటే పాత నూలు దుప్పటి కప్పు. నేల తడి పైకి రాకుండా మట్టి మీద మందపాటి ప్లాస్టిక్ పరిచి, చక్రాల కింద చెక్క పలకలు పెడితే టైర్లు నేలకు గడ్డకట్టి అంటుకోవు.

ఇవి గాలితో చల్లబడే ఇంజిన్లు, రేడియేటరు లేదు కనుక దానిలో నీరు గడ్డకడుతుందన్న భయం లేదు. కానీ నీరు దిగే దారులు వేరే ఉన్నాయి. గేరు లివరు కిందికి దిగే చోట రబ్బరు తొడుగు చీలి ఉంటే, సీటు మీది మంచు కరిగి లివరు వెంట గేర్ బాక్సులోకి పోతుంది. నూనె కంటే నీరు బరువు కనుక అడుగున చేరి గడ్డకడుతుంది, నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, పోత ఇనుము ఆ ఒత్తిడికి సాగదు, పగులుతుంది. ఈ ఆదివారమే మూడింటికీ అడుగు ప్లగ్గు కాస్త వదులు చేసి, ముందుగా వచ్చే నూనెను గాజు సీసాలో పట్టి చూడు. మజ్జిగలా తెల్లగా ఉంటే అంతా తీసి కొత్త నూనె పొయ్యి. నిలువుగా ఉన్న సైలెన్సర్ గొట్టాలకు మూతగా ఖాళీ డబ్బా బోర్లించు, స్టార్టు చేసే ముందు తియ్యాలని స్టీరింగుకు ఎర్ర గుడ్డ కట్టు.

పెట్రోలు విషయంలో నా మాట ఒక్కటే, ట్యాంకూ కార్బురేటరూ ఖాళీ చెయ్యి. మీ దగ్గర అమ్మేదానిలో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది, ఇక్కడి బంకుల్లో 20కి వచ్చింది. ఆ ఇథనాల్ తేమను పీల్చుకుని నిల్వలో పెట్రోలు నుంచి విడిపోతుంది. స్పార్కు ప్లగ్గు తీసి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి, చేత్తో రెండు చుట్లు తిప్పి, పిస్టన్ కంప్రెషన్ మీద పైకి వచ్చినప్పుడు ఆపు. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. బ్యాటరీలు ఇంట్లోకి తెచ్చి నెలకొకసారి చార్జి పెట్టు. నిండా చార్జి ఉన్నది మైనస్ 50 డిగ్రీలకు కూడా గడ్డకట్టదు, పూర్తిగా దిగిపోయినది మైనస్ 7 దగ్గరే గడ్డకట్టి పెట్టె పగులుతుంది. ఇంజిన్ రేకు లోపల ఎలుక గూడు ఉన్నదేమో కూడా చూడు. గూడు ఉంటే గాలి ఆడక, వసంతంలో స్టార్టు చేసిన రోజే ఇంజిన్ కాలిపోతుంది.

నడి దూలం ఎత్తు, పక్క గోడ ఎత్తు, గొట్టం మందం కొలిచి, ప్రతి కాలు అడుగు భాగం ఫొటోతో పాటు పంపు. స్తంభాలు ఎక్కడెక్కడ రావాలో గీసి ఇస్తాను. వీల్ హార్స్ గేరు లివరు తొడుగును దగ్గరగా తీసిన ఫొటో కూడా కావాలి, నిన్నటి దానిలో అక్కడ నీడ పడింది.

ఇట్లు,
నాన్న