8×4 షీటు మీద తిరగని ఎన్ఎంజీ వ్యాగన్లు: లేఅవుట్ సెట్‌పై ఫిర్యాదు

నల్గొండ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: హెచ్‌ఓ స్కేలు (అసలు బండిలో 87వ వంతు) గూడ్సు లేఅవుట్ సెట్‌లో డిజైన్ లోపం, సరైన సామాను ఇప్పించడం గురించి.

అయ్యా,

మీ పెట్టె మీద పొడవాటి వ్యాగన్లకు 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు చాలని అచ్చువేశారు. లోపల మాత్రం 438 మి.మీ. వ్యాసార్ధం వంపులు, ఎనిమిది ఎన్ఎంజీ వ్యాగన్లు, ఒక డబ్ల్యూఏజీ-9 గూడ్సు కరెంటు ఇంజను పెట్టారు. వీటికీ వాటికీ పొత్తు కుదరదు. నల్గొండలోని మా నమూనా రైళ్ల బృందం తరఫున కొలతలతో రాస్తున్నాం.

ఎన్ఎంజీ అంటే కార్లు మోయడానికి మార్చిన పాత ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) తరహా ప్రయాణికుల పెట్టె. బఫర్లతో కలిపి 22.297 మీటర్లు, 1:87లో 256 మి.మీ. బండి నమ్మకంగా నడవాలంటే వంపు వ్యాసార్ధం వ్యాగన్ పొడవుకు మూడింతలు, అంటే 768 ఉండాలి. షీటు వెడల్పు 1220. అంచుల్లో చెరో 50 వదిలితే 560కి మించిన వంపు దాని మీద పట్టదు.

అసలు తంటా జంట లైన్ల దగ్గర. వ్యాగన్ కింద రెండు బోగీల (చక్రాల చట్రాల) నడుముల మధ్య దూరం మోడల్లో 170 మి.మీ. కాబట్టి 438 వంపులో వ్యాగన్ నడుము 8 మి.మీ. లోపలికి జరుగుతుంది, మూలలు దాదాపు అంతే బయటికి పొడుచుకొస్తాయి. 37 మి.మీ. వెడల్పు పెట్టెలు పక్కపక్కన దాటాలంటే పట్టాల మధ్య 53 మి.మీ. ఎడం కావాలి, తగలకుండా ఉండాలంటే 60. మీ ప్లానులో ఉన్నది 46. రెండు బండ్లూ వంపులో ఒకేసారి ఎదురైతే గీసుకుంటాయి. మూలల రంగు లేచిపోయిన ఫొటోలు జతచేశాం.

ఒక లైను నుంచి పక్క లైనుకు మారే క్రాసోవర్‌లో ఎడమ వంపు వెంటనే కుడి వంపు పెట్టారు. మధ్యలో కనీసం ఒక వ్యాగన్ పొడవు తిన్నని పట్టా లేకపోతే కప్లింగులు చెరో వైపు లాగి చక్రాన్ని పట్టా ఎక్కిస్తాయి. బండిని వెనక్కి నెట్టినప్పుడు ఇంకా తొందరగా. పైగా వ్యాగన్ బరువు 95 గ్రాములే. ఎన్ఎంఆర్ఏ (అమెరికా నమూనా రైళ్ల సంఘం) సూచన ప్రకారం ఇంత పొడవుకు సుమారు 170 ఉండాలి.

ఇంజను, ఎనిమిది వ్యాగన్లు కలిపి పూర్తి రేక్ 2284 మి.మీ. మీ లూప్‌లో ఫౌలింగ్ మార్కుల (పక్క లైను బండికి తగలకుండా నిలిపే హద్దుల) మధ్య ఉన్నది 900, మూడు వ్యాగన్లకే సరి. వ్యాగన్లను అటూ ఇటూ మార్చేటప్పుడు ఇంజను వెళ్లే షంటింగ్ నెక్ 300, అందులో ఇంజను పడుతుంది, దాని వెనక ఒక్క వ్యాగనూ పట్టదు. నాలుగు చక్రాల డబ్బాలకు గీసిన పాత ప్లానుకే కొత్త అట్ట వేసినట్టుంది.

ఇదే షీటుకు పనికొచ్చే దారి ఉంది. మా బీబీనగర్–నడికుడి లైను మీద సిమెంటు, బియ్యం మోసే 14.45 మీటర్ల బీసీఎన్ఏ మూత వ్యాగన్ మోడల్లో 166 మి.మీ., దానికి 500 వంపు సరిపోతుంది. ఐదు, మూడు, మూడు వ్యాగన్ల సైడింగులు, ఇంజను ప్లస్ మూడు వ్యాగన్ల నెక్, 230 మి.మీ. పాయింట్లు (పట్టా మార్చే చోట్లు) రెండు: అంతా కలిపి 2024, షీటు పొడవు 2440.

కాబట్టి ఎన్ఎంజీలు వెనక్కి తీసుకుని బీసీఎన్ఏలు, 500కు తగ్గని వంపులు, సవరించిన ప్లాను పంపండి. అది వీలుకాకపోతే మొత్తం సొమ్ము వాపసు చేసి, పెట్టె మీది మాట తీసేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నల్గొండ జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాం. బిల్లు నకలు, తూకం ఫొటోలు కూడా ఇందులోనే ఉన్నాయి.

ఇట్లు,
నమూనా రైళ్ల బృందం సభ్యులు