శ్మశానంల ఏం చూస్తం?

సంపాదకులకు నమస్కారం.

కోల్‌కతా వెళ్లినప్పుడు సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటిక చూశాం. 1767లో మొదలైంది. పెద్ద చెట్ల నీడలో నాచు పట్టిన సమాధులు, కొన్ని చిన్న గుళ్లంత ఉన్నాయి. ఆసియా భాషలు, చరిత్ర అధ్యయనానికి 1784లో ఏషియాటిక్ సొసైటీ పెట్టిన విలియం జోన్స్ సమాధి కొనదేలి ఆకాశంలోకి లేచింది. 22 ఏళ్లకే పోయిన కవి డెరోజియోదీ అక్కడే. ‘శ్మశానంల ఏం చూస్తం?’ అని గొణిగిన మా ఆవిడే ఒక పలక మీద పసిబిడ్డ వయసు చదివి చాలాసేపు కదల్లేదు.

ఇక్కడ మా వీధి చివర పాత సమాధులను సర్కారు తుమ్మ కమ్మేసింది. ఒక ఫలకం మీద దుప్పటి ఆరేసి ఉంది, కింద అక్షరాలు సగం చెరిగాయి. అధికారులు ముందు ఆ తుమ్మ కొట్టించి, ఒక గేటు పెట్టించాలి. బెంచీలు, లైట్లు తర్వాత చూసుకోవచ్చు.

– ఒక పాఠకుడు, నల్గొండ